తలుపు సందులో కాలు నలిగిన చెట్టుకప్పకు ఏం చేయాలి, ఏం చేయకూడదు

రాజోలు దగ్గర నుంచి అడిగిన చెల్లెమ్మకి,

మీరు రాసింది ఇదీ. బాత్రూం తలుపు వేస్తుంటే బందుల దగ్గర సందులో కూర్చున్న చెట్టుకప్ప వెనక కాలు నలిగింది. మోకాలి కింద చర్మం లేచిపోయింది. మీ అత్తగారు పసుపు అద్దారు. బకెట్లో కుళాయి నీళ్లు పోసి అందులో ఉంచారు. మూడు రోజులైంది, అన్నం మెతుకులు పెట్టినా, పాల చుక్కలు నోటి దగ్గర పెట్టినా ముట్టలేదు. పాప దానికి పేరు పెట్టేసుకుంది, పెంచుకుందాం అంటోంది. ఏ ఆయింట్‌మెంట్ రాయాలి అని అడిగారు.

ఆయింట్‌మెంట్ సంగతి తర్వాత. ముందు లేచి వెళ్లి రెండు పనులు చేసి రండి.

ఒకటి, దాన్ని బకెట్లోంచి తీయండి. చెట్టుకప్ప నీళ్లలో కాపురం చేసే కప్ప కాదు. వేళ్ల చివర గుండ్రటి దిండ్ల లాంటివి ఉన్నాయి చూడండి, అవి గోడలు, ఆకులు పట్టుకుని ఎక్కడానికి. కాలు పనిచేయని చెట్టుకప్పని నున్నటి బకెట్లో లోతు నీళ్లలో వదిలితే అలిసిపోయి మునిగిపోతుంది. కప్పే కదా, నీళ్లలో చావదు అనుకుంటారు చాలామంది. చస్తుందండి.

రెండు, ఆ పసుపు కడిగేయండి. రుద్దొద్దు, దూదితో తుడవొద్దు. మందుల షాపులో నార్మల్ సెలైన్ సీసా దొరుకుతుంది. అది 0.9 శాతం ఉప్పు, మనిషి రక్తానికి సరిపోయే లెక్క. కప్ప రక్తం అంతకంటే పల్చన, దానికి 0.6 శాతం చాలు. రెండు వంతుల సెలైన్‌కి ఒక వంతు శుభ్రమైన నీళ్లు కలిపితే సరిగ్గా 0.6 వస్తుంది. సూది తీసేసిన సిరంజిలోకి ఎక్కించి, గాయం మీద మెల్లగా ధార పోయండి. పసుపు తనంతట తనే కొట్టుకుపోవాలి. ఎక్కడైనా ఎండి అట్ట కట్టి ఉంటే పీకొద్దు, సాయంత్రం మళ్లీ ధార పోస్తే నాని ఊడుతుంది.

చేసొచ్చారా? ఇప్పుడు ఎందుకో చెప్తాను. ఈ ఒక్కటి అర్థమైతే మిగతావి ఎవరినీ అడగక్కర్లేదు. కప్ప నోటితో నీళ్లు తాగదు. పొట్ట అడుగున, తొడల లోపలి వైపు ఉండే పల్చటి చర్మంతో పీల్చుకుంటుంది. ఊపిరితిత్తులు ఉన్నా కొంత గాలి చర్మం గుండానే తీసుకుంటుంది. ఒంట్లో ఉప్పూ నీరూ ఎంత ఉండాలో చూసుకోవడంలోనూ చర్మానికి పెద్ద వంతే ఉంది. మనకి పుండు మీద రాసిన మందు చాలావరకు పుండు మీదే ఉంటుంది. కప్పకి రాసింది నేరుగా రక్తంలోకి దిగుతుంది. కప్పకి పైపూత అనేది లేదు, అన్నీ లోపలి మందులే.

ఇది నేను ఒక కప్ప ప్రాణం పోగొట్టి నేర్చుకున్నాను. పద్నాలుగేళ్ల క్రితం, దెబ్బతిన్న కప్పల్ని చూసుకునే ఈ పని మొదలుపెట్టిన కొత్తల్లో, కాకి పొడిచిన చెట్టుకప్ప ఒకటి కొబ్బరి తోటలో దొరికింది. వీపు మీద కందిగింజంత గాయం. ఇంట్లో దెబ్బలకి వాడే యాంటీసెప్టిక్ లిక్విడ్ నీళ్లలో నాలుగు చుక్కలు కలిపి దూదితో తుడిచాను. పది నిమిషాలకి వెనక కాళ్లు చాపేసింది. తెల్లారేసరికి లేదు. ఆ గాయంతో అది చచ్చేది కాదు. నేను తుడిచినదానితో చచ్చింది.

కాబట్టి ఈ పేర్లు గుర్తుపెట్టుకోండి: యాంటీసెప్టిక్ లిక్విడ్, స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్, ఫినాయిల్, పసుపు, కాఫీ పొడి, సున్నం, వేపనూనె, కొబ్బరినూనె. ఏవీ వద్దు. నొప్పి తగ్గించే ఆయింట్‌మెంట్లు మరీ ప్రమాదం. వాటిలో ఉండే లిగ్నోకెయిన్, బెంజోకెయిన్ లాంటివి మత్తు మందులు. బెంజోకెయిన్ కప్పలకి మత్తివ్వడానికి డాక్టర్లు వాడే మందే, మోతాదు మించితే ఆ మత్తులోంచి లేవదు. మీ చేతుల మీద ఉన్న సబ్బు, శానిటైజర్, దోమల క్రీం కూడా దాని ఒంట్లోకే పోతాయి. ముట్టుకునే ముందు చేతులు ఉత్త నీళ్లతో బాగా కడిగి, తడిగా ఉంచుకుని పట్టుకోండి. పొడి చేత్తో పట్టుకుంటే దాని ఒంటి మీది జిగురు పొర ఊడొస్తుంది. పట్టుకున్నాక మాత్రం సబ్బుతో కడుక్కోవాలి, కప్పల ఒంటి మీద సాల్మొనెల్లా అనే, మనకి కడుపు చెడగొట్టే బాక్టీరియా ఉండొచ్చు. పాపకి ఇది తప్పకుండా చెప్పండి. కప్పని ముట్టుకుంటే పులిపిర్లు వస్తాయన్న మాట మాత్రం నిజం కాదు.

ఇక నీళ్లు. మన డెల్టాలో నీళ్లకి కొదవ లేదు గానీ కప్పకి పనికొచ్చే నీళ్లు ఏవో చూసుకోవాలి. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. వెడల్పాటి గిన్నెలో పోసి నీడలో ఒక రోజంతా మూత లేకుండా ఉంచితే చాలావరకు పోతుంది. గోదావరికి వరద వచ్చిన రోజుల్లో బ్లీచింగ్ వాసన గుప్పున కొడుతుంది కదా, అప్పుడు రెండు రోజులు ఉంచండి. మడ్డి నీళ్లు తేరుకోవడానికి పటిక తిప్పే అలవాటు మన ఇళ్లలో ఉంది, ఆ నీళ్లు వద్దు. సఖినేటిపల్లి, అంతర్వేది వైపు బోరు నీళ్లు ఉప్పన, అవీ వద్దు. బోదెల్లో నీళ్లు అసలే వద్దు, పొలం మందులు, రొయ్యల చెరువుల నీళ్లు అందులోనే కలుస్తాయి. ఉప్పు లేని నూతి నీళ్లయితే మంచిది, ఈ మధ్య బ్లీచింగ్ చల్లి ఉండకూడదు. ఆర్వో నీళ్లలో లవణాలు ఉండవు, పైన చిలకరించడానికి పర్వాలేదు గానీ గంటల తరబడి అందులో కూర్చోబెట్టకండి.

ఉంచడానికి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా చాలు, మిఠాయి డబ్బా కంటే కాస్త పెద్దది. మూతకి, పక్కలకి చిల్లులు పెట్టండి. లోపలి నుంచి బయటికి గుచ్చాలి. బయటి నుంచి గుచ్చితే అంచులు లోపలికి తేలి దాని చర్మాన్ని చీరేస్తాయి. చిల్లుల మీద దోమతెర గుడ్డ కట్టండి, మన దగ్గర గాయం మీద ఈగ వాలితే రెండు రోజుల్లో పురుగు పడుతుంది. అడుగున తెల్లటి పాత నూలు గుడ్డ, సర్ఫు వాసన పూర్తిగా పోయేలా ఉత్త నీళ్లలో నాలుగైదు సార్లు జాడించింది, తడిపి పిండి పరవండి. న్యూస్‌పేపర్ వద్దు, సిరా అంటుకుంటుంది. తెల్ల గుడ్డ ఎందుకంటే దాని మీద రెట్ట, రక్తం, రసి ఏది పడినా పొద్దున్నే కనిపిస్తుంది. దాక్కోవడానికి మందు కొట్టని అరటాకు ముక్క ఒకటి వంచి పెట్టండి. గుడ్డ రోజూ మార్చాలి. మిగతా సమయం చీకటిగా, చప్పుడు లేని చోట నేల మీద ఉంచండి. ఫ్యాన్ కింద, ఏసీ గదిలో పెడితే ఎండిపోతుంది. 24 నుంచి 28 డిగ్రీల మధ్య ఉంటే హాయిగా ఉంటుంది. ఇప్పుడు వానలు కాబట్టి ఇబ్బంది లేదు. మే నెలలో, కాలువలు కట్టేసిన రోజుల్లో అయితే డబ్బాని నీళ్ల కుండ పక్కన ఆనించి పెడతాను.

రోజుకు రెండుసార్లు, పదిహేను ఇరవై నిమిషాల సేపు, లోతు లేని నీళ్లలో కూర్చోబెట్టండి. కూర్చున్నప్పుడు నీళ్లు దాని గవద కిందికే ఉండాలి, ముక్కు పైకి ఉండాలి. పక్కనే ఉండండి. ఎండిపోయిన కప్ప ఈ నీళ్లలో తేరుకోవడం కళ్లారా చూడొచ్చు. ముడతలు పడ్డ చర్మం నిండుతుంది, లోపలికి పోయిన కళ్లు పైకి వస్తాయి.

ఇప్పుడు కాలు. మీరు ఫొటో పెట్టలేదు కాబట్టి ఏం చూడాలో చెప్తాను. వేళ్ల రంగు రెండో కాలి వేళ్లలాగే ఉందా? తడి దూదితో వేలి చివర తాకితే వెనక్కి లాక్కుంటుందా? ఈ రెండూ ఉంటే నెత్తురు, నరం రెండూ అందుతున్నట్టే, చాలా ఆశ ఉంది. వేళ్లు నల్లబడి, తాకినా కదలక, వాసన వస్తుంటే ఆ భాగం చచ్చిపోయింది. పైకి పాకకముందే డాక్టరు తీసేయాలి. ఎముక బయటికి కనిపిస్తున్నా ఇంట్లో వైద్యం వద్దు. ఎముక లోపలే విరిగి ఉంటే పుల్ల పెట్టి దారం కట్టొద్దు, టేపు చుట్టొద్దు, ఆ చర్మం కట్టు తట్టుకోలేదు. చిన్న డబ్బాలో ఎగరడానికి వీల్లేకుండా ఉంచడమే దానికి కట్టు. వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు. కాస్త వంకరగా అతుక్కోవచ్చు, ఆ వంకరతోనే గోడలెక్కి బతికే కప్పల్ని చూశాను. పోయిన కాలు మాత్రం పెద్ద కప్పకి మళ్లీ మొలవదు.

చర్మం లేచిన చోట సెలైన్ ధార మొదటి మూడు రోజులు పొద్దున, సాయంత్రం, తర్వాత రోజుకోసారి. గాయం అంచులు లేత గులాబీ రంగులో శుభ్రంగా ఉంటే దాన్ని అలా వదిలేయండి. దూదిపింజలాగా తెల్లటి బూజు కనిపిస్తే, పసుపు రంగు రసి కారుతుంటే, డాక్టరు అవసరం.

డాక్టరు అంటే ఎవరు? మన పశువుల ఆసుపత్రుల్లో గేదెలు, ఆవులు, కోళ్లు చూస్తారు. కప్పని తీసుకెళ్తే మొదట ఆశ్చర్యపోతారు, కానీ అడిగితే కాదనే వాళ్లు తక్కువ. కష్టమైన కేసయితే గన్నవరం పశువైద్య కళాశాల ఉంది. మన పి.గన్నవరం కాదండి, విజయవాడ పక్కన కృష్ణా జిల్లా గన్నవరం. అంత దూరం కప్పని తీసుకెళ్లడం దానికీ కష్టమే కాబట్టి ముందు ఫోన్లో మాట్లాడి, మీ దగ్గరి డాక్టరు గారిని వాళ్లతో మాట్లాడించండి. నేను ఎక్కువగా ఈ దారే పట్టాను.

వెళ్లేటప్పుడు బరువు రాసుకుని వెళ్లండి. కప్పల తక్కెడ అని ఊరికే అనలేదు, తూకంలో నిలవదు. డబ్బాని ముందు గ్రాముల కాటా మీద పెట్టి సున్నా చేసి, అప్పుడు కప్పని అందులో వేసి మూత పెట్టండి. బరువు ఎందుకు అంత ముఖ్యమో ఒక లెక్క చెప్తాను. కప్పలకి డాక్టర్లు ఇచ్చే యాంటీబయాటిక్‌లలో ఎన్రోఫ్లాక్ససిన్ ఒకటి. కిలో బరువుకి 10 మిల్లీగ్రాముల లెక్కన ఇస్తారనుకోండి. పది గ్రాముల కప్పకి 0.1 మిల్లీగ్రాము కావాలి. పశువులకి వాడే 10 శాతం ఇంజెక్షన్‌లో ఒక మి.లీ.కి 100 మిల్లీగ్రాములు ఉంటాయి. అంటే మీ కప్పకి కావాల్సింది 0.001 మి.లీ., ఒక మి.లీ.లో వెయ్యో వంతు. సన్న సిరంజిలో కూడా అంత చిన్న గీత ఉండదు. ఒక చుక్క పడినా యాభై రెట్లు. మందుని కొలిచి పల్చన చేయాల్సింది డాక్టరే, మన వంటింట్లో జరిగే పని కాదు. మీరడిగిన ఆయింట్‌మెంట్ సంగతీ అంతే. కాలిన గాయాలకి వాడే సిల్వర్ సల్ఫాడయజిన్ క్రీముని కప్పల గాయాలకి డాక్టర్లు పల్చగా రాస్తారు. ఆయన గాయం చూసి రాయమంటే రాయండి, లేకపోతే సెలైన్ ధార చాలు.

ఆగకుండా తీసుకెళ్లాల్సిన గుర్తులు చెప్తాను. పొట్ట, తొడల లోపలి వైపు ఎర్రగా కందినట్టు ఉంటే రక్తంలో విషం చేరినట్టు. ఏరోమోనాస్ లాంటి బాక్టీరియా వల్ల వస్తుంది, మురికి నీళ్లలో ఉంచిన కప్పలకి ఎక్కువ, గంటలు లెక్కపెట్టుకోవాల్సిన పరిస్థితి. ఒళ్లంతా నీళ్ల సంచిలా ఉబ్బడం ఇంకొకటి. మెల్లగా వెల్లకిలా తిప్పితే ఆరోగ్యంగా ఉన్న కప్ప చేతిలో ఒక్క క్షణం కూడా ఉండదు, టక్కున తిరుగుతుంది. తిరగలేకపోతే చాలా నీరసించినట్టు. ఒక్కసారి చూస్తే చాలు, పదేపదే తిప్పి చూడకండి. కాళ్లు కొట్టుకోవడం, వణకడం, బిగుసుకుపోవడం ఉంటే పురుగు మందు తగిలిందేమో ఆలోచించండి. వరి చేలకి మందు కొట్టిన రోజుల్లో, ఇంట్లో బొద్దింకల స్ప్రే కొట్టిన మర్నాడు ఇలాంటివి నా దగ్గరికి వస్తాయి. క్లోరిన్ పోయిన నీళ్లని గిన్నె తర్వాత గిన్నె మారుస్తూ ఒళ్లంతా కడుగుతూనే ఉండాలి, ఏం మందు కొట్టారో ఆ డబ్బా పేరు డాక్టరుకి చెప్పాలి.

ఎలుకల జిగురు అట్టకి అంటుకున్న కప్ప గురించి ఇంతకుముందు ఒకాయన అడిగారు, ఇక్కడే చెప్పేస్తాను. లాగొద్దు. చుట్టూ అట్టని కత్తిరించి, అంటుకున్న చోట మాత్రమే ఇయర్‌బడ్‌తో వంటనూనె అద్దుతూ విడదీయాలి. నూనె మంచిదని కాదు, అక్కడ వేరే దారి లేక. తర్వాత సబ్బు లేకుండా చాలాసార్లు నీళ్లు మార్చి కడగాలి.

తినడం లేదని టెన్షన్ పడుతున్నారు కదా. దెబ్బ తగిలి భయపడ్డ కప్ప కొన్ని రోజులు తినకపోవడం మామూలే, పెద్ద కప్ప వారం రోజులు తినకపోయినా తట్టుకుంటుంది. అన్నం, పాలు, బ్రెడ్డు దాని తిండి కాదు. కదిలే పురుగుని చూస్తేనే దానికి తిండి అని తెలుస్తుంది. రెండో రోజు నుంచి రాత్రి దీపం ఆర్పేశాక ఒక ఇలకోడిని గానీ చిన్న మిడతని గానీ డబ్బాలో వదలండి. పురుగు దాని రెండు కళ్ల మధ్య దూరం కంటే పెద్దది కాకూడదు. వాన పడ్డ రాత్రి లైటు చుట్టూ ముసిరే ఉసుళ్లయితే ఎంతో ఇష్టంగా తింటుంది. ఇంట్లో బొద్దింకలు వద్దు, అవి ఏ మందు తిని తిరుగుతున్నాయో తెలియదు. తినకపోతే పొద్దున పురుగుని తీసేయండి, ఇలకోళ్లు గాయాన్ని కొరుకుతాయి. నోరు బలవంతంగా తెరవొద్దు, దవడ సన్నటి ఎముక, విరిగిపోతుంది.

అది తినేటప్పుడు ఒకసారి జాగ్రత్తగా చూడండి. మింగే క్షణంలో రెండు కళ్లూ మూసుకుని లోపలికి దిగుతాయి. ఆ కళ్లే లోపల నోటి పైభాగం నుంచి తిండిని గొంతులోకి తోస్తాయి. కంటికి దెబ్బ తగిలిన కప్ప మింగడానికి ఎందుకు ఇబ్బంది పడుతుందో అది చూశాకే నాకు అర్థమైంది.

జబ్బు కానివాటికి భయపడకండి. పగలు పాలిపోయి, కాళ్లు ముడుచుకుని, కళ్లు మూసుకుని గోడకి అంటుకుంటే అది నిద్ర. ఈ కప్ప రంగు మారుస్తుంది, చల్లగా తడిగా ఉంటే ముదురు గోధుమ రంగు, వేడికి తెల్లబోతుంది. నోరు తెరిచి మూస్తూ, ముందు కాళ్లతో ఒళ్లు తుడుచుకుంటూ ఏదో నములుతున్నట్టు కనిపిస్తే పాత చర్మం విడిచి దాన్నే తింటోంది. మొదటిసారి చూసినవాళ్లు ఊపిరాడటం లేదనుకుని నీళ్లు పోస్తారు, వదిలేయండి చాలు.

ఇక పాప అడిగింది. మీ ఇంట్లోది సన్‌షేడ్ల కింద, స్నానాల గదుల్లో, నూతి గట్ల మీద కనిపించే మామూలు చెట్టుకప్పే అయి ఉంటుంది. పాలీపెడేట్స్ మాక్యులేటస్ అని శాస్త్రం పేరు. 1830లో గ్రే అనే శాస్త్రవేత్త దీన్ని వర్ణించాడు, మాక్యులేటస్ అంటే మచ్చలున్నది. కాలు చాపినప్పుడు తొడ వెనక చూడండి, ముదురు వల మధ్యలో పసుపు చుక్కలు ఉంటాయి. సున్నం కొట్టిన గోడల మీద ఉంటుందని ఇంగ్లీషు వాళ్లు చునం కప్ప అన్నారు. వానలు పడ్డాక నీళ్ల కుండీ అంచునో, చెరువు మీదికి వంగిన కొమ్మకో సబ్బు నురగ లాంటి ముద్ద కట్టి అందులో గుడ్లు పెడుతుంది. కొన్ని రోజులకి తోకకప్పలు ఆ నురగలోంచి కింద నీళ్లలోకి జారిపడతాయి. మీ పెరట్లో అలాంటి నురగ కనిపిస్తే కడిగేయకండి, పాపకి చూపించండి.

దాన్ని డబ్బాలో పెంచడం నేను ఒప్పుకోను. అది అడవి జీవి, మీ ఇల్లు దానికి ముందే తెలుసు. ప్రతి రాత్రీ మీ బాత్రూం లైటు దగ్గరికి వచ్చి, పెరట్లోకి వెళ్లి, మళ్లీ వస్తూనే ఉంది. కోలుకునే దాకా గుడ్డ మార్చడం, బరువు పుస్తకంలో రాయడం పాపకి అప్పగించండి. ఒక కాలు పూర్తిగా పోయి ఎక్కలేని స్థితి వస్తే అప్పుడు అటవీ శాఖ వాళ్లని, డాక్టరుని అడిగి నిర్ణయించుకుందాం. బతికే దారే లేక బాధపడుతుంటే డాక్టరు మత్తిచ్చి నిద్రపుచ్చుతారు. కొందరు ఫ్రిజ్‌లో పెట్టమంటారు, ఉప్పు చల్లమంటారు, రెండూ చిత్రహింసే.

ఇంకో కప్పని తెచ్చి తోడుగా పెట్టకండి. కైట్రిడ్ అనే బూజు జాతి వ్యాధి ఒకటి ఉంది, దానికి కారణమైన జీవికి 1999లో పేరు పెట్టారు. లోకంలో ఎన్నో కప్ప జాతుల్ని అది తుడిచిపెట్టింది. మన ఎండలకి అది అంతగా నిలవదు, అయినా ఒకదాని గుడ్డ, గిన్నె ఇంకొకదానికి వాడకపోవడం మంచి అలవాటు.

డబ్బా గోడ ఎక్కి మూత దాకా రెండు వెనక కాళ్లతో పోతోంది, గాయం మూసుకుంది, వారం రోజులుగా పురుగులు తిని బరువు నిలబెట్టుకుంది అంటే వదలొచ్చు. వాన పడ్డ సాయంత్రం, చీకటి పడే వేళకి, దొరికిన చోటుకి నాలుగడుగుల్లోనే వదలండి. కాలవ గట్టుకో, వేరే ఊరి తోటకో తీసుకెళ్లొద్దు. ఆ లోపు బాత్రూం తలుపు బందుల వైపు సందుకి పాత సైకిల్ ట్యూబు ముక్క నిలువునా మేకులు కొట్టి మూసేయండి, మా ఇంట్లో అదే చేశాను, మళ్లీ ఏదీ నలగలేదు.

రేపు పొద్దున గుడ్డ మార్చేటప్పుడు ఆ కాలి వేళ్ల రంగు చూసి ఇక్కడే రాయండి. ఫొటో పగటి వెలుతురులో తీయండి, ఫ్లాష్ వేయొద్దు.